పాస్ ఇచ్చే ముందే ముగింపు రాసుకోవాలి
(హైదరాబాద్‌లో చిన్న కోవర్కింగ్ స్పేస్‌ల నిర్వాహకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నిర్వాహక మిత్రులందరికీ నమస్కారం.

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లోని చిన్న కోవర్కింగ్ స్పేస్‌లకు, అంటే పనిచేసుకోవడానికి కుర్చీ, బల్ల అద్దెకిచ్చే చోట్లకు, తలుపు తాళాలు, వైఫై, పాస్‌ల వ్యవస్థ అమర్చిపెట్టడం నా వృత్తి. యజమానులు నన్ను మొదట అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "డబ్బు కట్టగానే తలుపు తెరుచుకునేలా చేయగలరా?" చేయగలం. యూపీఐ చెల్లింపు ఖరారైన మరుక్షణం కస్టమర్ ఫోన్‌కు క్యూఆర్ కోడ్ పంపడం ఇవాళ పెద్ద పనేమీ కాదు. అయితే ఉదయం తొమ్మిదింటికి మొదలైన ఆ పాస్ సాయంత్రం ఎలా ముగియాలి, ఎక్కడెక్కడ ముగియాలి అన్న ప్రశ్న ఎవరూ వేయరు. చిక్కులన్నీ అక్కడే ఉన్నాయి. పాస్ ముగింపును ముందుగానే నిర్ణయించుకుని ఒక్క చోట నమోదు చేయాలని, తలుపు, వైఫై, మీటింగ్ రూమ్, లాకర్ అన్నీ ఆ ఒక్క నమోదునే చూసి నడవాలని ఈరోజు మీకు చెప్పదలిచాను.

మొదట చట్టం వైపు నుంచి చూద్దాం. డే పాస్ కొన్న వ్యక్తికి మీరు ఇస్తున్నది స్థలం మీద హక్కు కాదు, ఆ స్థలాన్ని వాడుకోవడానికి అనుమతి మాత్రమే. 1882 నాటి భారత ఈజ్‌మెంట్ల చట్టం 52వ సెక్షన్ దీనినే లైసెన్సు అంటుంది. పరిమిత కాలానికి ఇచ్చిన లైసెన్సు ఆ కాలం ముగియగానే రద్దయినట్టేనని 62వ సెక్షన్ చెబుతుంది. ఇంతవరకు మనకు అనుకూలమే. కానీ ఆ వెంటనే వచ్చే 63వ సెక్షన్‌ను చాలామంది చదవరు: లైసెన్సు రద్దయినా, ఆ స్థలం వదిలి వెళ్లడానికీ, అక్కడ ఉంచుకోవడానికి అనుమతించిన సామాను తీసుకుపోవడానికీ తగినంత వ్యవధి పొందే హక్కు ఆ వ్యక్తికి ఉంటుంది. కరెంటు తాళాలు, సాఫ్ట్‌వేర్ ఊహలో కూడా లేని కాలంలో రాసిన ఈ వాక్యం నేటి పాస్ వ్యవస్థకు చక్కని సూత్రంగా పనికొస్తుంది.

ఎలాగో ఒక ఉదాహరణతో చెబుతాను. పాస్ గడువు సాయంత్రం ఆరు గంటలు. ఐదు ముప్పావుకు కస్టమర్ కింద బండి దగ్గరికి టీ తాగడానికి దిగాడు. ల్యాప్‌టాప్ సంచీ బల్ల మీదే ఉంది, ఛార్జర్ గోడకు తగిలించి ఉంది. ఆరూ ఐదుకు పైకి వచ్చి కోడ్ చూపిస్తే రీడర్ ఎర్ర దీపం వెలిగించి ఊరుకుంది. ఫ్రంట్ డెస్క్ అమ్మాయి ఆరింటికే ఇంటికి వెళ్లిపోయింది. ఇక ఆయన ఫోన్ చేసేది మీకే, ఆయన సామాను లోపలే ఉంచి తాళం వేసుకున్నది మీరే. అందువల్ల గడువును రెండు అంచెలుగా పెట్టమని నా సలహా. ఆరు గంటలకు వైఫై, మీటింగ్ రూమ్ బుకింగ్ ఆగిపోవాలి. తలుపు, లాకర్ మాత్రం మరో అరగంట ఆ పాస్‌కు తెరుచుకోవాలి. ఆ అరగంటలో పని జరగదు కాబట్టి దాన్ని ఎవరూ ఉచిత సమయంగా వాడుకోలేరు, సామాను మాత్రం తీసుకుని వెళ్లగలరు.

ఇక "రోజు" అంటే ఏమిటో తేల్చుకోవాలి. చాలా సాఫ్ట్‌వేర్లలో రోజు అర్ధరాత్రితో ముగుస్తుంది. మన నగరంలో అమెరికా వేళల్లో పనిచేసే వారి సంఖ్య తక్కువేమీ కాదు. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు వరకు ఉండే పనివేళ మనకు వేసవిలో సాయంత్రం ఆరున్నర నుంచి తెల్లవారుజామున రెండున్నర వరకు పడుతుంది. అలాంటి కస్టమర్ కొన్న డే పాస్ సరిగ్గా ఆయన క్లయింటుతో మాట్లాడుతున్న సమయంలో ముగిసిపోతుంది. పైగా నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు వెనక్కి తిప్పుతారు కాబట్టి, అదే పనివేళ మనకు ఏడున్నర నుంచి మూడున్నరకు మారుతుంది. మార్చి రెండో ఆదివారం మళ్లీ పాత వేళకే వస్తుంది. రాత్రి పాస్‌కు ఆరున్నర, రెండున్నర అని అంకెలు బిగించి పెట్టిన వారికి ఏటా నవంబరులో ఫిర్యాదులు తప్పవు. రోజును ఉదయం ఆరు నుంచి మర్నాడు ఉదయం ఆరు వరకు లెక్కించి, అందులో ఇన్ని గంటలని పాస్ ఇవ్వడం మేలు.

నెల పాస్ విషయం కూడా ఇలాంటిదే. జనవరి 31న కొన్న నెల పాస్ ఎప్పుడు ముగియాలి? ఫిబ్రవరికి 31 లేదు. ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కో తేదీ చెబుతుంది. "30 రోజులు" అని రాస్తే వివాదం ఉండదు. పది రోజుల బండిల్ అమ్మేవారు అది కొన్న రోజు నుంచి నడుస్తుందా, మొదటిసారి తలుపు తెరిచిన రోజు నుంచి నడుస్తుందా అనేది రసీదు మీదే రాయాలి. మొదటి వాడకం నుంచి లెక్కించేటట్లయితే, దాన్ని ఎన్నాళ్లలోపు మొదలుపెట్టాలో కూడా రాయాలి. లేకపోతే ఈ ఏటి ధరకు కొన్న పాస్‌ను మూడేళ్ల తరువాత పట్టుకొచ్చేవారు ఉంటారు.

ఇప్పుడు తలుపు దగ్గరకు వద్దాం. పాస్ ముగిసిందో లేదో ఎవరు నిర్ణయిస్తున్నారు అనేది అన్నిటికన్నా ముఖ్యమైన సాంకేతిక ప్రశ్న. కొన్ని వ్యవస్థల్లో క్లౌడ్‌లోని సర్వర్ ఆరు గంటలకు "ఈ కార్డును తీసేయి" అని తలుపు కంట్రోలర్‌కు, అంటే తాళాన్ని నడిపే చిన్న పెట్టెకు, ఆదేశం పంపుతుంది. ఆ సమయానికి ఇంటర్నెట్ లేకపోతే ఆదేశం చేరదు, కార్డు పనిచేస్తూనే ఉంటుంది. అలా కాకుండా, పాస్ ఇచ్చేటప్పుడే మొదలు సమయం, ముగింపు సమయం రెండూ కంట్రోలర్ జ్ఞాపకంలోకి చేరాలి. తలుపు తన గడియారం చూసుకుని తానే నిర్ణయించుకోవాలి. కొనేముందు అమ్మకందారును ఒక్క మాట అడగండి: మీ కంట్రోలర్ ముగింపు తేదీని మాత్రమే దాచుకుంటుందా, గంటా నిమిషమూ కూడా దాచుకుంటుందా? చవక కంట్రోలర్లలో కొన్నిటికి తేదీ మాత్రమే తెలుసు. వాటితో గంటల పాస్ ఇవ్వాలంటే విడిగా రోజువారీ వేళల పట్టిక తయారుచేసి ప్రతి పాస్‌కూ తగిలించాల్సి వస్తుంది.

తలుపే నిర్ణయిస్తుందంటే తలుపు గడియారం సరిగా ఉండి తీరాలి. మన మార్కెట్‌లో దొరికే పరికరాల్లో చాలా వరకు చైనా నుంచి వచ్చినవే. కొన్నిటిలో సమయం కూడా అక్కడిదే అమర్చి ఉంటుంది. అది మనకన్నా రెండున్నర గంటలు ముందు. దాన్ని మార్చకుండా బిగిస్తే, ఆరు గంటల పాస్ మధ్యాహ్నం మూడున్నరకే ముగుస్తుంది, తొమ్మిదింటి పాస్ ఆరున్నరకే తెరుచుకుంటుంది. ఇంకో రోగం బ్యాటరీ. కంట్రోలర్ బోర్డు మీద రూపాయి బిళ్ల ఆకారంలో ఉండే చిన్న సెల్ అరిగిపోయిందంటే, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ గడియారం ఏ 2000 జనవరి 1కో వెనక్కి వెళ్లిపోతుంది. పాస్‌లన్నీ "ఇంకా మొదలుకాలేదు" అని తలుపు తిప్పికొడుతుంది. ఆ గందరగోళంలో ఎవరో ఒకరు గడువు లేని మాస్టర్ కార్డు ఒకటి తయారుచేసి డెస్క్ సొరుగులో పెడతారు. గడియారాన్ని మరుసటి రోజు బాగుచేస్తారు కానీ ఆ కార్డు అక్కడే ఉంటుంది. నేను చూసిన చోట్ల భద్రతకు అసలు రంధ్రం ఆ సొరుగే. కంట్రోలర్ గడియారాన్ని నెట్‌వర్క్ ద్వారా సరిదిద్దుకునేలా పెట్టండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీ చేసిన ఆదేశాల ప్రకారం కూడా వ్యవస్థల గడియారాలు ఎన్ఐసీ (జాతీయ సమాచార కేంద్రం) లేదా ఎన్‌పీఎల్ (జాతీయ భౌతిక ప్రయోగశాల) సమయ సర్వర్లతో కలిసి నడవాలి.

కార్డుల గురించి క్లుప్తంగా చెబుతాను. 125 కిలోహెర్ట్జ్ రేడియో తరంగంతో పనిచేసే చవక కార్డులో ఉండేది ఒక సంఖ్య మాత్రమే. దానికి నకలు చేసే పరికరాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. మైఫేర్ క్లాసిక్ అనే రకం కార్డుల రహస్య పద్ధతిని నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లోనే ఛేదించి చూపారు. కార్డే వాడదలిస్తే ఏఈఎస్ అనే గట్టి రహస్య సంకేత పద్ధతి ఉన్నవి తీసుకోండి. ఫోన్‌లో క్యూఆర్ కోడ్ పంపితే మరో సమస్య: దాని స్క్రీన్‌షాట్ వాట్సాప్‌లో మిత్రుడికి చేరుతుంది. 30 సెకన్లకోసారి మారే కోడ్‌తో దీన్ని అరికట్టవచ్చు. అయితే నలభై కుర్చీల చోట, మనుషుల ముఖాలు గుర్తుపట్టే ఫ్రంట్ డెస్క్ ఉన్నచోట, అంత ఖర్చు అవసరం లేదని నా అభిప్రాయం. కోడ్ చూపగానే డెస్క్ తెర మీద పాస్ కొన్నవారి పేరు, ఫోటో కనబడితే చాలు. డెస్క్ దగ్గర మనిషి లేని రాత్రి వేళలకే మారే కోడ్ పెట్టండి.

వైఫై విషయంలో మన అలవాట్లు మరీ అధ్వానం. గోడ మీద పాస్‌వర్డ్ అతికించిన చోట ఒక్క రోజు పాస్ కొన్న వ్యక్తి మీ నెట్‌వర్క్‌కు శాశ్వత సభ్యుడు. కింద టీ బండి దగ్గర నిలబడినా ఆయన ఫోన్ దానంతట అదే కలుస్తుంది. ప్రతి పాస్‌కు విడి వోచర్, అంటే గడువున్న లాగిన్ కోడ్, ఇవ్వాలి. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. ఎనిమిది గంటల వోచర్ అంటే వ్యవస్థ 28,800 సెకన్లు లెక్కపెట్టడం మొదలుపెడుతుంది. మధ్యాహ్నం మూడింటికి లాగిన్ అయినవారికి అది రాత్రి పదకొండు వరకు నడుస్తుంది, మీ పాస్ ఆరింటికే ముగిసినా సరే. లాగిన్ అయిన క్షణంలో పాస్ ముగింపుకు ఎన్ని సెకన్లు మిగిలాయో లెక్కగట్టి, ఆ సంఖ్యనే ఇవ్వాలి. మూడింటికి వస్తే 10,800 అన్నమాట. "ఒక పరికరానికి ఒక్కసారే ఉచిత ట్రయల్" అని పరికరం మ్యాక్ చిరునామాను (నెట్‌వర్క్ ఆ పరికరాన్ని గుర్తుపట్టే సంఖ్యను) నమ్ముకున్నవారికి ఇంకో మాట: ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు నెట్‌వర్క్‌కొక మారుపేరు పెట్టుకుంటున్నాయి. ట్రయల్ ఇవ్వాలంటే ఓటీపీతో ధ్రువీకరించిన ఫోన్ నంబరు మీద ఇవ్వండి.

తలుపు విషయంలో రాజీపడకూడనిది ఒకటుంది. గడువు ముగిసిన పాస్ లోపలికి రానివ్వకపోవచ్చు, బయటికి పోనివ్వకపోవడం మాత్రం ఎన్నటికీ జరగకూడదు. బయటికి వెళ్లడానికీ కార్డు చూపాలన్న ఏర్పాటు ఎక్కువసేపు కూర్చున్నవారిని పట్టుకోవడానికి బాగుంటుందని కొందరు యజమానులు అడుగుతారు, నేను పెట్టను. లోపలి వైపు నొక్కగానే తెరుచుకునే బటన్ ఉండాలి. అయస్కాంత తాళానికి వెళ్లే కరెంటును ఫైర్ అలారం నేరుగా కోసేయాలి, మధ్యలో సాఫ్ట్‌వేర్ ఉండకూడదు. యూపీఎస్ కట్టినప్పుడు ఈ ఫైర్ అలారం తీగను దాటవేసి కట్టారేమో స్వయంగా చూసుకోండి. గడువు మించి కూర్చున్నవారికి గంటల లెక్కన అదనపు రుసుము అని ముందే రాసిపెట్టి, ఐదున్నరకు ఫోన్‌కు ఒక సందేశం పంపితే ఆ సమస్య చాలా వరకు తీరుతుంది.

నమోదుల గురించి ఒక్క మాట. కార్డులు చేతులు మారతాయి: నిన్న ఒకరు తిరిగిచ్చిన కార్డే ఇవాళ మరొకరి జేబులో ఉంటుంది. అందుచేత లాగ్‌లో, అంటే రాకపోకల చిట్టాలో, కార్డు సంఖ్య ఒక్కటే ఉంటే తరువాత ఎవరు ఎప్పుడు వచ్చారో చెప్పలేం. పాస్ సంఖ్య కూడా రాయాలి. నేను చెప్పిన సెర్ట్-ఇన్ ఆదేశాలు లాగ్‌లను 180 రోజులు భద్రపరచమంటాయి. మరోవైపు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అవసరం తీరిన వ్యక్తిగత వివరాలను తుడిచేయమంటుంది. ఈ రెండింటికీ వైరం లేదు, అసలు అవసరం లేనివి తీసుకోకపోతే. నాలుగు గంటల పాస్‌కు ఆధార్ జిరాక్స్ ఎందుకు? పేరు, ఓటీపీతో ధ్రువీకరించిన నంబరు చాలు. మీ డెస్క్ సొరుగులో ఇప్పటికే జిరాక్స్‌ల కట్ట ఉంటే, మాస్టర్ కార్డుతో పాటు దాన్నీ తీసేయండి.

ఇక్కడి నుంచి వెళ్లాక ఒక పరీక్ష చేయండి. పది నిమిషాల గడువుతో ఒక పాస్ తయారుచేసి, లోపలికి వెళ్లి వైఫైలో ఒక వీడియో నడపండి. ఆరో నిమిషంలో ఇంటర్నెట్ రౌటర్ తీగ పీకి, గడువు దాటాక తలుపు ఏం చేస్తుందో చూడండి. తరువాత తీగ తగిలించి వీడియో మళ్లీ నడుస్తుందేమో చూడండి. చివరగా భవనం ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, ఆయన ఎదుటే ఫైర్ అలారం మోగించి, తాళం వదిలిందో లేదో చేత్తో తోసి చూడండి. వీటిలో ఏది తప్పినా అమర్చినవారిని వెనక్కి పిలిచి సరిచేయించుకున్నాకే పాస్‌ల అమ్మకం మొదలుపెట్టండి. ఇక మీ ప్రశ్నలు వింటాను.