గాడోలినియం కలిపిన కోబాల్ట్ ఫెర్రైట్: డైఎలక్ట్రిక్ కొలతలో జాగ్రత్తలు

నమస్కారం. అనంతపురం నుంచి మాట్లాడుతున్నాను. ఫెర్రైట్ల మీద, అంటే ఇనుప ఆక్సైడ్‌తో చేసే అయస్కాంత పదార్థాల మీద, ప్రాజెక్టు చేస్తున్న ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ పిల్లల కోసం ఈ వీడియో.

ఈ నల్ల బిళ్ల చూడండి. గాడోలినియం కలిపిన కోబాల్ట్ ఫెర్రైట్ నానో పొడి ఇది. పొడి అంటుకునేందుకు పీవీఏ బైండర్ కలిపి ప్రెస్‌లో నొక్కి, ఫర్నేస్‌లో కాల్చి, రెండు వైపులా సిల్వర్ పేస్ట్ పూశాను. కాల్చేటప్పుడు రేణువులు పెరుగుతాయి కాబట్టి ఆ ఉష్ణోగ్రత తప్పకుండా రాసిపెట్టుకోండి.

ముందు లెక్క చూద్దాం. బిళ్ల వ్యాసం 10 మిల్లీమీటర్లు, మందం 2 మిల్లీమీటర్లు. బిళ్ల ఉన్న చోట ఖాళీ ఉంటే కెపాసిటెన్స్ 0.35 పికోఫారడ్ దాకా వస్తుంది, అంతే. 1 మెగాహెర్ట్జ్ దగ్గర మీటరు 7 పికోఫారడ్ చూపించిందనుకోండి. 7ని 0.35తో భాగిస్తే 20. అదే డైఎలక్ట్రిక్ స్థిరాంకం, అంటే ఖాళీతో పోలిస్తే బిళ్ల ఎన్ని రెట్లు ఛార్జ్ నిల్వ చేస్తుందో చెప్పే సంఖ్య. ఇప్పుడు వైర్ల వల్ల ఒక్క పికోఫారడ్ అదనంగా చేరిందా, 20 కాస్తా 23 అవుతుంది! గాడోలినియం వల్ల వచ్చిందని మీరు సంబరపడే తేడా వైర్లదే కావచ్చు. అందుకే బిళ్ల పెట్టకముందే కెపాసిటెన్స్ కొలిచే ఈ ఎల్‌సీఆర్ మీటర్‌లో ఓపెన్ (కొసలు విడిగా ఉంచి), షార్ట్ (కొసలు కలిపి) కరెక్షన్ రెండూ చేసి వైర్ల వాటా తీసేయాలి. వైరు కదిలిన ప్రతిసారీ మళ్లీ చేయాలి.

ఫ్రీక్వెన్సీ పెంచేకొద్దీ విలువ పడిపోతుంది. ఎందుకు? బుక్కరాయసముద్రం చెరువు కింద వరి మడి ఊహించుకోండి. మడి అంటే రేణువు, గట్టు అంటే రెండు రేణువుల మధ్య సరిహద్దు. మడిలో నీళ్లు పారి గట్టు దగ్గర నిలుస్తాయి. ఇక్కడ బిళ్లలో ఫెర్రస్, ఫెర్రిక్ అనే రెండు రకాల ఇనుప అయాన్ల మధ్య ఎలక్ట్రాన్లు గెంతుతూ వచ్చి సరిహద్దులో పోగవుతాయి. ఫ్రీక్వెన్సీ పెరిగి విద్యుత్ ఫీల్డ్ గబగబా దిశ మార్చుకుంటే అవి గట్టు దాకా చేరేలోపే వెనక్కి తిరగాలి. 1951లో కూప్స్ అనే శాస్త్రవేత్త చెప్పిన నమూనా ఇదే.

గాడోలినియం ఆ గెంతులో పాల్గొనదు. ఇనుము చోట కూర్చుని గెంతే జంటలను తగ్గిస్తుంది. ఫెర్రిక్ అయాన్ వ్యాసార్ధం 0.645 ఆంగ్‌స్ట్రామ్ అయితే దీనిది 0.938, కాబట్టి ఎక్కువ పట్టదు. మిగిలింది గాడోలినియం ఆర్థోఫెర్రైట్ అనే వేరే పదార్థంగా విడిపోతుంది. అది చేరిందేమో ముందు ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్-రే డిఫ్రాక్షన్) పరీక్షలో చూసుకోండి.

ఇంకొకటి, తేమ. నేను మొదటిసారి కొలిచింది సెప్టెంబర్ ముసురులో. 100 హెర్ట్జ్ దగ్గర విలువ చాలా పెద్దగా వచ్చింది, ఆ రాత్రి ఆనందంతో నిద్రపట్టలేదు. బిళ్లను ఆరబెట్టి మళ్లీ కొలిస్తే సగం కూడా లేదు. రంధ్రాల్లో చేరిన నీటి ఆవిరి చూపించిన విలువ అది. మన ఊరు పొడి ఊరని నమ్మకండి, వానాకాలం వానాకాలమే.

ఈ బిళ్లను ఓవెన్‌లో ఆరబెట్టి, తేమ చేరనివ్వని డెసికేటర్ పాత్రలో చల్లార్చి ఇప్పుడే తీశాను. హోల్డర్‌లో పెడుతున్నాను, 100 హెర్ట్జ్ నుంచి మొదలుపెడదాం.