స్కై దీవికి కెమెరా క్లబ్బుతో వెళ్లొచ్చా? మూడు ట్రిప్పుల తర్వాత నా మాట

నమస్కారం అండీ. స్కాట్లాండ్‌లో ఉంటున్న మనవాళ్లు చాలామంది అడుగుతున్నారు, ఫోటోల కోసం స్కై దీవికి క్లబ్బుతో వెళ్లాలా, మనమే కారేసుకుని పోవచ్చా అని. నేను మా కెమెరా క్లబ్బుతో మూడుసార్లు వెళ్లొచ్చాను. క్లబ్బుతోనే వెళ్లండి అంటాను. ఎందుకో నేను తీసిన ఒక ఫోటో కథ వింటే తెలుస్తుంది.

ఆ ఫోటోలో ఉన్నది స్కైలోని స్లిగహన్ అనే చోటి పాత రాతి వంతెన. వెనకాల ఉన్నవి నల్ల కూలిన్ కొండలు. ఆ పొద్దున వాన, కొండలు లేనే లేవు. ఒక్కణ్ణే అయితే కారెక్కేసేవాణ్ణి. మాతో డెబ్బై దాటిన పెద్దాయన ఒకాయన ఉన్నారు, ఇంకో పావుగంట చూద్దాం అన్నారు. గాలికి ట్రైపాడ్ కదలకూడదని నేను దానికి బ్యాగు వేలాడదీశాను. బ్యాగు ఊగుతూ ట్రైపాడ్‌నే ఊపేస్తోంది! ఆయన వచ్చి పట్టీ పొడుగు చేసి, బ్యాగు అడుగు నేలకి ఆనేలా పెట్టారు. ఊపు ఆగిపోయింది. షట్టర్ నొక్కేదాకా లెన్సు మీద గుడ్డ తీయొద్దన్నారు. షట్టర్ అర సెకను తెరిచి ఉంటే చాలు, అంతకు మించితే వంతెన కింది నీళ్లు పాలలా అయిపోయి పారే గీతలు పోతాయన్నారు. పావుగంట కాస్తా నలభై నిమిషాలైంది. మబ్బు విడింది, కొండ మీద ఎండపొడ పడింది. రెండు నిమిషాలే ఉంది. ఆ రెండు నిమిషాల్లోది ఆ ఫోటో.

రాత్రి అందరం లాప్‌టాప్ ముందు కూర్చుని ఆ రోజు తీసిన ఫోటోలు చూస్తాం. క్విరాంగ్ అనే కొండ దగ్గర ఏడుగురం ఒకే ఒంటరి చెట్టుని తీశాం. ఒకావిడ మాత్రం అటు తిరగనే లేదు. దూరంవి దగ్గరగా చూపే 70-200 లెన్సుతో కింద ముడతలు పడ్డ నేలను తీశారు. అక్కడ పైన బరువైన లావా రాయి, కింద మెత్తటి పాత రాతి పొరలు. ఆ బరువుకి కొండచరియ జారిపోయింది, ఇప్పటికీ జారుతూనే ఉంది. ఫ్లోడిగరీ దగ్గర రోడ్డు ఏటా బాగు చేస్తూ ఉండాల్సిందే. ఆ జారుడంతా ఆవిడ ఫోటోలో కనబడింది. మా ఏడు చెట్లూ ఒకేలా ఉన్నాయి. ఆ రాత్రి నేను నేర్చుకున్నది ఇంకెక్కడా నేర్చుకోలేదు.

గుంపు మాత్రం చిన్నగా ఉండాలి, ఇది గట్టిగా చెప్తున్నా. మొదటిసారి పదహారుమందిమి పెద్ద వ్యాన్‌లో వెళ్లాం. సగం రోడ్లు ఒక్క బండి పట్టేవే, ఎదురొచ్చే బండికి పాసింగ్ ప్లేస్‌లో ఆగాలి. అందరూ దిగి సామాను తీసేసరికి వెలుగు పోయింది. ఎనిమిదిమంది, రెండు కార్లు, చాలు. 1995లో దీవికి వంతెన వచ్చాక ఫెర్రీ కోసం ఆగే పనిలేదు, 2004 నుంచి టోలూ లేదు. గ్లాస్గో నుంచి స్కైలోని పెద్ద ఊరు పోర్ట్రీకి అయిదు గంటల పైనే పడుతుంది.

జూన్ వద్దు. నాలుగున్నరకే పొద్దు పొడుస్తుంది, రాత్రి పది దాటితేగానీ కుంకదు, నిద్రే ఉండదు. దానికి తోడు మిడ్జెస్, నుసి అంత పురుగులు, గాలి ఆగితే మొహం మీదే. ఫిబ్రవరిలో ఏడింటికి లేచినా సూర్యోదయం దొరుకుతుంది, రోజంతా ఏటవాలు వెలుగే. ఓల్డ్ మాన్ ఆఫ్ స్టోర్ అనే రాతి స్తంభం దగ్గర జనమూ తక్కువ.

బస ఒకే ఇంట్లో తీసుకోండి. సాయంత్రం వెలుగు చూసుకుని వచ్చేసరికి హోటళ్లలో వంటగది మూసేస్తున్నారు. నేను మిరియాల చారు కాచి ఫ్లాస్కులో పోసుకెళ్లాను. నీస్ట్ పాయింట్ అనే సముద్రపు కొనలో, 1909 నాటి దీపస్తంభం ఎదురుగా, ఆ ఈదురుగాలిలో అందరూ మూతతో పంచుకుని తాగారు. అక్కడ కిందకి దిగక్కర్లేదండీ, కార్లు ఆపే చోటు నుంచి ఉత్తరంగా గట్టు మీద నడిస్తే దీపస్తంభం ఫ్రేమ్ దొరుకుతుంది.

ఎల్‌గాల్ అనే సముద్రపు ఒడ్డు ఊరికి వెళ్తే మాత్రం ఆటుపోట్ల వేళలు ముందు రాత్రే చూసి పెట్టుకోండి. బండరాళ్లు తడిగా ఉంటాయి, వెనక్కి తిరిగి చూసేలోపు నీళ్లు ఎక్కేస్తాయి. అక్కడ ఒంటరిగా ట్రైపాడ్ వేయకండి, పక్కన ఇంకొకరు ఉండాలి.