పాత కారులో చక్రం మోత, స్టీరింగ్ ప్లే: మా బండి రివ్యూ

నమస్కారం. ఈ రోజు రివ్యూ కొత్త కారుకు కాదు, విజయనగరంలో మా ఇంటి ముందు నిలిచి ఉన్న ఈ 2009 మోడల్ చిన్న బండికి. దీనికి పవర్ స్టీరింగ్ లేదు, ఇంజిన్‌తో ఏ పేచీ లేదు, ఏసీ సంగతి ఎత్తకపోవడమే మర్యాద. ఇబ్బందల్లా రెండే: గంటకు 50 కిలోమీటర్లు దాటగానే పిండిమర తిరిగినట్టు ఒక మోత, రెండు వేళ్ల మేర తిప్పినా చక్రం కదలని స్టీరింగ్.

మోత ఎడమవైపు నుంచి వస్తోందని నాకూ అనిపించింది, మెకానిక్‌కూ అనిపించింది. అందుకని ముందువైపు ఎడమ చక్రం బేరింగ్ (చక్రం సాఫీగా తిరగడానికి దాని మధ్యలో ఉండే గుండ్ల వలయం) మార్చేశారు. బిల్లు వచ్చింది కానీ మోత పోలేదు. బండి లోపల కూర్చున్నవారి చెవికి రేకు గుండా వచ్చే శబ్దం ఏ మూల నుంచి వస్తోందో తెలియదని అప్పుడు అర్థమైంది.

ఖాళీ రోడ్డు మీద 60లో క్లచ్ తొక్కి యాక్సిలరేటర్ వదిలితే ఇంజిన్ చప్పుడు తగ్గింది, మోత మాత్రం తగ్గలేదు కనుక ఇంజిన్‌ను అనుమానించనక్కరలేదు. అసలు ఆనవాలు సాలూరు దాటాక ఒడిశా వైపు ఎక్కే ఘాట్ రోడ్డులో దొరికింది. ఎడమకు తిరిగే ప్రతి మలుపులోనూ మోత పెరిగింది, కుడి మలుపులో సన్నగిల్లింది. ఎడమకు తిరిగినప్పుడు బండి బరువు కుడి చక్రాల మీద పడుతుంది కాబట్టి, అరిగినది కుడివైపు బేరింగే అయి ఉండాలి.

ఇంటికి వచ్చి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, ముందు కుడివైపు జాకీ ఎత్తాను. సస్పెన్షన్ స్ప్రింగ్ మీద నాలుగు వేళ్లు ఆనించి రెండో చేత్తో చక్రాన్ని తిప్పితే, తడి ఇసుక నలిగినట్టు గరగర వేళ్లకు తగిలింది. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే కొద్దిగా కదిలింది. మా బావమరిది బ్రేకు తొక్కగానే ఆ కదలిక ఆగిపోయింది కాబట్టి ఇది బేరింగే. బ్రేకు తొక్కినా కదిలి ఉంటే లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్‌ను, అంటే చక్రాన్ని కింది సస్పెన్షన్ చేతికి కలిపే గుండ్రని కీలును, చూడవలసి వచ్చేది.

స్టీరింగ్ తప్పు వేరే చోట ఉంది. ఎడమ చక్రాన్ని ఎత్తి ఇరుపక్కలా పట్టుకుని ఊపుతున్నప్పుడు బావమరిది టై రాడ్ ఎండ్ (స్టీరింగ్ కడ్డీని చక్రానికి కలిపే కీలు) మీద వేలు పెట్టి, “బావా, ఇక్కడే టిక్కుమంటోంది” అన్నాడు. అది మార్చాక అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేయడం, చేయించకపోతే పని సగమే అయినట్టు. కుడి బేరింగ్‌ను సమంగా నొక్కి దింపే ప్రెస్ యంత్రం ఉన్న షాపులోనే వేయించాను, సుత్తితో కొట్టి దింపితే కొత్త బేరింగ్ కూడా త్వరగా పాడవుతుంది.

ఇప్పుడు ఆ పిండిమర మోత లేదు, స్టీరింగ్ తిప్పిన వెంటనే చక్రం కదులుతోంది. సన్నని హోరు మాత్రం మిగిలింది. నున్నని తారు మీద తగ్గి, గరుకు రోడ్డు మీద పెరుగుతోంది కనుక అది ఒక అంచున అరిగిన ముందు టైర్లదే. వాటిని వెనక్కి మార్చాక ఆ హోరు కూడా వెనక సీటు వైపుకు వెళ్లిపోయింది.