వరద తీశాక ఏ ఇంటికి ఎవరు వెళ్లాలి?

శ్రోతలందరికీ నమస్కారం.

జులై, ఆగస్టు నెలల్లో గోదావరి డెల్టాలోని ప్రతి ఇంట్లోనూ రెండు అంకెల కోసం చెవులు రిక్కించి వింటారు. భద్రాచలం దగ్గర నీటిమట్టం ఎన్ని అడుగులున్నదన్నది ఒకటి, ధవళేశ్వరం బ్యారేజీ నుంచి సముద్రంలోకి ఎన్ని లక్షల క్యూసెక్కులు వదులుతున్నారన్నది రెండోది. ధవళేశ్వరంలో 10 లక్షలు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. 1986 ఆగస్టులో ఆ ప్రవాహం సుమారు 35 లక్షల క్యూసెక్కులకు చేరింది. 2022 జులైలో 25 లక్షలు దాటింది, భద్రాచలంలో గోదావరి 71 అడుగుల పైకి వచ్చింది. ఏటిగట్టు మీద పుట్టి పెరిగిన పెద్దలకు ఈ లెక్కలు కంఠతా వచ్చు. అయితే ఇవన్నీ నీరు ఎక్కే రోజుల లెక్కలు. నీరు దిగిన మరునాడు, నది మధ్య దిబ్బ మీద ఉండే లంకలో ఏ ఇంటికి ఏం కావాలో చెప్పే లెక్క మాత్రం చాలా ఊళ్లలో ఎవరి దగ్గరా కనిపించదు. ఈ రోజు నా ప్రసంగం దాని గురించే.

2022 వరద తీసిన తరువాత, గోదావరి చీలిన పాయల్లో ఒకటైన వశిష్ఠ ఒడ్డున ఉన్న ఒక లంక గ్రామానికి మేము కొందరం భోజనం పొట్లాలు తీసుకుని పడవ మీద వెళ్లాము. ఒక పెద్దావిడ పొట్లం అందుకుని, "అన్నం తెచ్చారు, చల్లగా ఉండండి బాబూ, కానీ కూర్చుని తినడానికి చోటేదీ?" అని అడిగారు. ఆమె ఇంట్లో నేల మీద మోకాలి లోతున ఒండ్రు మేట వేసి ఉంది. ఆమెకు ఆ పూట కావలసింది రెండు పారలు, ఇద్దరు మనుషులు. మా పడవలో ఆరుగురం ఉన్నాము కానీ ఒక్క పార కూడా లేదు. తిరిగి గట్టుకు వచ్చేసరికి, రోడ్డు పక్క ఇళ్ల వాళ్లు మూడోసారి వచ్చిన దుప్పట్లను ఏం చేయాలో తోచక అరుగుల మీద పేర్చుకుంటున్నారు. ఇందులో దాతల తప్పేమీ లేదు. రాజమహేంద్రవరం నుంచో కాకినాడ నుంచో వచ్చిన వాహనం రోడ్డు ఉన్నంత వరకే రాగలదు, ఎదురుగా కనిపించిన వాళ్లకే ఇవ్వగలదు. గట్టుకు అవతల ఎవరున్నారో చెప్పే మనిషి అక్కడ లేకపోవడమే అసలు లోటు.

ఆ మనిషి చేతిలో ఒక నోటుపుస్తకం ఉండాలి. పెళ్లి సంబంధం చూసే పెద్దమనిషి ఇరువైపుల ఇంటి సంగతులూ తెలుసుకున్న తరువాతనే మాట కలిపినట్టుగా, ఈ మనిషి కూడా ఒక పేజీలో అవసరాన్ని, ఎదుటి పేజీలో అందుబాటులో ఉన్న సాయాన్ని రాసుకోవాలి. "సాయం కావాలి" అని రాసుకుంటే ఎవరికీ ఉపయోగం లేదు. "రెండు గదులు, మోకాలి లోతు బురద, ఇంట్లో డెబ్బై దాటిన భార్యాభర్తలు, బీరువా పక్కకు జరపాలి, బావి తోడించాలి" అని రాసుకుంటే, చదివిన వాళ్లకు ఎంతమంది వెళ్లాలో, ఏం పట్టుకెళ్లాలో తెలిసిపోతుంది. అటు వైపు కూడా "ఆదివారం నలుగురం వస్తాము, పారలు ఉన్నాయి, పడవ లేదు" అన్నంత వివరంగా ఉండాలి. తేదీ వేయడం మరువకూడదు, ఎందుకంటే ఒండ్రు మెత్తగా ఉన్నప్పుడు పారతో, నీటితో పోతుంది. మూడు నాలుగు రోజుల ఎండ తగిలిందంటే గునపం పట్టాల్సి వస్తుంది. బురద ఎత్తే మనుషులు వారం తరువాత వస్తే పని రెండింతలవుతుంది. పని మొదలుపెట్టే ముందు ఇంటి గోడ మీది నీటి చారను, పాడైన సామానును ఫోను కెమెరాతో తీసి ఉంచాలి. నష్టం నమోదుకు సిబ్బంది వచ్చేసరికి ఇల్లు శుభ్రంగా ఉన్నందువల్ల ఆ కుటుంబానికి అన్యాయం జరగకూడదు.

అడిగే తీరు గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే నా అనుభవంలో అవసరం అక్కడే దాగిపోతుంది. మన ప్రాంతంలో మొహమాటం పెద్దది. నలుగురికి పెట్టిన ఇంటివాళ్లు, ఒకరి ముందు చేయి చాచడానికి ఇష్టపడరు. పిల్లలు కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉండి, ఇంట్లో ఇద్దరు ముసలివాళ్లే మిగిలిన చోట "మాకేం లోటు, అబ్బాయి డబ్బు పంపుతాడు" అంటారు. డబ్బు వస్తుంది, కానీ బురద ఎత్తే చేయి రాదు కదా! కౌలు రైతు తన కష్టం చెప్పుకుంటే భూమి యజమాని ఏమనుకుంటాడో అని వెనుకాడతాడు. అలాంటి చోట "ఏమైనా కావాలా అండీ?" అని అడిగితే "వద్దు" అనే జవాబే వస్తుంది. "రేపు పొద్దున్న మన వాళ్లు ఇద్దరు వస్తున్నారు పిన్నిగారూ, ముందు వంటగది కడగమంటారా, పడకగదా?" అని అడగండి. ఆడవారి అవసరాలను ఆడవారే వెళ్లి, ఇంటి లోపల కూర్చుని అడిగి తెలుసుకోవాలి.

ఈ పుస్తకం ఎవరు పట్టాలి? పదవి ఉన్నవారే కానక్కరలేదు. డ్వాక్రా సంఘం నాయకురాలు, ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు వంటి వారికి ప్రతి గడపా తెలుసు. నన్నడిగితే రేవులో పడవ నడిపే మనిషిని కూడా పక్కన కూర్చోబెట్టుకోవాలి; ఏ ఇంట్లో ఎవరు మంచం పట్టారో, ఎవరు ఊరు విడిచి బంధువుల ఇంటికి వెళ్లారో అతనికి తెలిసినంత బాగా మరొకరికి తెలియదు.

ఒక జాగ్రత్త. ఈ జాబితాను ఫొటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టవద్దు. ఒంటరిగా ఉంటున్న వృద్ధురాలి చిరునామా, ఫోను నంబరు వందలమంది చేతుల్లో పడడం ఆమెకు మేలు కాదు. వెళ్లేవారికి వారు వెళ్లే ఇంటి వివరం ఒక్కటే ఇవ్వాలి, ఊరి మనిషి ఒకరు తోడు వెళ్లి పరిచయం చేయాలి, సాయం పొందుతున్న వారి ముఖాలను ఫొటోలు తీయకూడదు. సేవకు వచ్చినవారి క్షేమం కూడా పుస్తకం పట్టినవారి బాధ్యతే. వరద నీటితో పాటు కట్లపాములు, రక్తపింజరలు ఇళ్లలోకి చేరతాయి కాబట్టి, మూలల్లోని సామానును కర్రతో కదిపి చూడకుండా చేయి పెట్టకూడదు. పాము కాటేస్తే వెంటనే 108కు ఫోను చేయాలి. కాళ్లకు గమ్ బూట్లు ఉండాలి. బురద నీటిలో పుండు మీదుగా లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వచ్చే ప్రమాదం ఉంది. లైన్‌మన్ వచ్చి చూసేంత వరకు మెయిన్ స్విచ్ జోలికి వెళ్లవద్దు.

పని అయిన ఇంటి పేరును వెంటనే కొట్టివేయకండి. పది రోజుల తరువాత మళ్లీ వెళ్లి చూసి అప్పుడు కొట్టివేయండి. మొదటిసారి బురద గురించి మాట్లాడిన ఇల్లాలు, రెండోసారి బడి మానేసిన పిల్లవాడి గురించి, తడిసి ముక్కలైన పాసుపుస్తకం గురించి, మేత లేని గేదె గురించి చెబుతుంది.

ఇంకా వరద రాని ఊళ్లవారు ఈ వారమే ఆ నోటుపుస్తకం తెరవవచ్చు. మొదటి పేజీలో జిల్లా కంట్రోల్ రూమ్ నంబరు 1077, రాష్ట్ర కంట్రోల్ రూమ్ నంబరు 1070 రాయండి. రెండో పేజీలో మీ వీధిలో ఒంటరిగా ఉంటున్నవారి పేర్లు, వారి ఇంటికి రేవు నుంచి దారి ఎటో రాయండి. ఫోనులో కాకుండా కాగితం మీదే రాసి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి అటక మీద పెట్టుకోండి. కరెంటు లేని ఆ రోజుల్లో ముందుగా ఆగిపోయేది ఫోనే.

నమస్కారం.