మంజీరా నీళ్లలో మురుగు వాసన: ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: నమస్కారం. ఏ నది నుంచి వచ్చినా, హైదరాబాద్‌లో చాలామంది సర్కారు నల్లా నీళ్లని మంజీరా నీళ్లనే అంటారు. ఇవాళ వాటి గురించే. హైదరాబాద్ నీటి సరఫరాలో పనిచేసి రిటైరైన ఇంజినీరు గారు మనతో ఉన్నారు. అంబర్‌పేట నుంచి మొదటి కాల్. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే సార్. మాకు రోజు విడిచి రోజు మంజీరా నీళ్లొస్తాయి. నల్లా విప్పగానే కాసేపు మురుగు వాసన. అవి పారబోసి, తేటగా అయ్యాక పట్టుకుంటున్నాం. మా బాబుకి నిన్నటినుంచి మోషన్స్. నీళ్ల వల్లేనా అని టెన్షన్‌గా ఉంది.

ఇంజినీరు: ముందు బాబు సంగతి చూడండమ్మా. ఓఆర్‌ఎస్ కొంచెం కొంచెంగా తాగిస్తూ ఇవాళే డాక్టరుకి చూపించండి. రక్తం పడినా, మగతగా ఉన్నా వెంటనే ఆసుపత్రికే. ఇక ఆ నీళ్లు తేటపడినా తాగొద్దు, క్రిములు కంటికి కనబడవు. పక్కింట్లో కూడా వాసనొస్తోందా?

కాలర్: లేదు సార్, మాకే.

ఇంజినీరు: మీ కనెక్షన్ పైపు మోరీలోంచి వస్తోందా?

కాలర్: అవును సార్, పాత ఇనప పైపు.

ఇంజినీరు: నా అనుమానం దానిమీదే. సాగర్ నుంచి వచ్చే కృష్ణా నీళ్లయినా, ఎల్లంపల్లి నుంచి వచ్చే గోదావరి నీళ్లయినా శుద్ధి చేసి క్లోరిన్ కలిపే పంపుతారు. సరఫరా ఆగాక పైపు ఖాళీ అవుతుంది. తుప్పుపట్టి చిల్లు పడినచోట మోరీ నీళ్లు లోపలికి దిగుతాయి. నల్లా విప్పితే ముందు వచ్చేవి అవే. మోటరు నేరుగా నల్లాకే బిగించారా?

కాలర్: ప్రెషర్ రాదు కదా సార్... మా గల్లీలో అందరూ పెట్టారు.

ఇంజినీరు: అందరూ పెట్టినా తప్పే తల్లీ. మోటరు పైపుని పీలుస్తుంది, చిల్లులోంచి మురుగునీ లాగేస్తుంది. ఇవాళే తీసేయించండి. జలమండలి నంబరు 155313కి ఫోన్ చేసి మురుగు కలుస్తోందని ఫిర్యాదు రాయించండి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. పైపు మోరీకి పైనుంచి కొత్తది వేయించుకోవాలి. సంపు ఖాళీ చేసి, బ్లీచింగ్‌తో కడగాలి. అప్పటిదాకా తాగే నీళ్లు కళపెళా మరిగించాలి. చల్లారాక గ్లాసు ముంచకుండా కాడ ఉన్న గరిటెతో తీయండి. చాలా ఇళ్లలో కాచిన నీళ్లు పాడయ్యేది అక్కడే.

యాంకర్: కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్ నుంచి ఇంకొకరు.

కాలర్: సార్, టీడీఎస్ మీటర్ కొన్నాను. మా నీళ్లు 180, క్యాన్ నీళ్లు 30 చూపిస్తోంది. క్యాన్ నీళ్లే మంచివి కదా?

ఇంజినీరు: ఆ మీటర్ కరిగిన లవణాల్ని చూపిస్తుంది బాబూ, క్రిముల్ని కాదు. తాగునీటి ప్రమాణంలో టీడీఎస్ లీటరుకి 500 మిల్లీగ్రాముల దాకా మంచిదే. మీరు చూడాల్సింది క్రిముల్ని చంపే క్లోరిన్. లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. చిన్న కిట్ దొరుకుతుంది, చుక్కలేస్తే నీళ్లు పసుపు రంగుకి తిరుగుతాయి. మీ సంపులో ఏమేం కలుస్తాయి?

కాలర్: మంజీరా, బోరు, ఎండాకాలం ట్యాంకరు కూడా.

ఇంజినీరు: అన్నీ కలిస్తే వీధిలో ఉన్న క్లోరిన్ మీ అంతస్తుకి వచ్చేసరికి మిగలకపోవచ్చు. మంజీరాకి విడిగా చిన్న సంపు, కిచెన్‌కి వేరే లైను వేయమని అసోసియేషన్ మీటింగ్‌లో పట్టుబట్టండి. ఆ కిట్ ఒకటి వాచ్‌మన్ దగ్గర ఉంచి, నీళ్లొచ్చిన ప్రతిసారీ పై అంతస్తు కిచెన్ నల్లా దగ్గర చూడమనండి.