ఏడుపు బొమ్మలో ఉంది, గీతలో లేదు: పాప్ ఆర్ట్‌ని చదవడం, వేయడం

ప్రయోక్త: నమస్కారం, విజయవాడ నుంచి మాట్లాడుతున్నాం. ఈ పూట విషయం పాప్ ఆర్ట్, అంటే కామిక్స్, ప్రకటనలు, పోస్టర్ల భాషలో వేసే చిత్రకళ. అందులో రంగు ఏం చెబుతుంది, ఆకారం ఏం చెబుతుంది, గీత ఏం చెబుతుంది అన్నది మాట్లాడుకుందాం. తర్వాత మన గోలీసోడా సీసాని ఆ పద్ధతిలో ఎలా వేయాలో కొలతలతో సహా చెప్పించుకుందాం. మాతో ఉన్న మాస్టారు బొమ్మలు వేయడం నేర్పుతారు. మాస్టారూ, ముందు ఒక సందేహం. గాంధీనగర్ గోడల నిండా సినిమా పోస్టర్లు చూసిన ఊరు మనది. ముదురు రంగులు, నల్ల అంచులు, ఇంతేసి అక్షరాలు. ఆ పోస్టరుకీ పాప్ ఆర్ట్ బొమ్మకీ తేడా ఏంటండీ?

మాస్టారు: పోస్టరు మనల్ని సినిమా హాలుకి పంపడానికి పుట్టింది. మనం టికెట్ కొన్నాక దాని పని అయిపోయినట్టే. పాప్ ఆర్ట్ అదే పోస్టరు భాష మాట్లాడుతుంది గానీ మనల్ని ఎక్కడికీ పంపదు. అక్కడే నిలబెట్టి, "ఈ ఎరుపు, ఈ నల్ల గీత నీ మీద ఎలా పని చేస్తున్నాయో చూసుకో" అంటుంది. ఒక బొమ్మ దగ్గరగా చూద్దామా?

ప్రయోక్త: చూద్దామండీ.

మాస్టారు: అమెరికా చిత్రకారుడు రాయ్ లిక్టన్‌స్టైన్ 1963లో వేసిన "డ్రౌనింగ్ గర్ల్", అంటే మునిగిపోతున్న అమ్మాయి. న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం మోమాలో ఉంది, ఇంచుమించు 170 సెంటీమీటర్ల చదరం. అలల్లో ఒక అమ్మాయి తల, ఒక చెయ్యి కనిపిస్తాయి. కళ్లు సగం మూసుకుని ఉంటుంది. తల పైన బుడగలో ఆమె అనుకుంటున్న మాట: నాకేం ఫర్వాలేదు, బ్రాడ్‌ని సాయం అడగడం కన్నా మునిగిపోవడమే నయం అని.

ప్రయోక్త: ఇది కామిక్‌లోంచి తీసుకున్నదే కదండీ?

మాస్టారు: 1962లో వచ్చిన ఒక ప్రేమకథల కామిక్‌లోని గడి అది. అందులో వెనకాల బోల్తాపడ్డ పడవ, దాన్ని పట్టుకుని ఆమె ప్రియుడు కూడా ఉంటారు. లిక్టన్‌స్టైన్ ఆ ఇద్దరినీ, అంటే పడవనీ ప్రియుణ్నీ తీసేశాడు. బుడగలో "కాలు పట్టేసినా సరే" అన్నట్టు ఒక ముక్క ఉండేది, అదీ తీసేశాడు. చివరికి మునగడానికి కారణమే కనపడకుండా పోయింది. ఇంక ఆమెకీ నీళ్లకీ మధ్య ఏమీ లేదు. ఆకారం చేసే మొదటి పని ఇదేనమ్మా, ఏది ఉండాలి, ఏది పోవాలి అన్నది తేల్చడం.

ప్రయోక్త: మరి మిగిలినవాటిలో?

మాస్టారు: జుట్టు వంపు చూడండి. అల వంపు చూడండి. రెండూ ఒకే వంపు. జుట్టు కూడా నీలమే. కామిక్స్‌లో నల్ల జుట్టు మీద మెరుపు చూపించడానికి నీలం వాడటం మామూలు. ఇక్కడ ఆ అలవాటే అర్థమై కూర్చుంది. జుట్టు ఎక్కడ ఆగి నీళ్లు ఎక్కడ మొదలయ్యాయో తేల్చుకోవాల్సి వస్తుంది. కంటి దగ్గరి కన్నీటి బొట్టుకీ, అల చివరి నురగకీ కూడా అవే తెల్లటి తునకలు, అవే నల్ల అంచులు. ఈ అలలకి జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ అలలు ఆధారమని లిక్టన్‌స్టైనే చెప్పాడు.

ప్రయోక్త: ఇంత దుఃఖం ఉన్నా, బొమ్మ చూస్తే మనకి ఏడుపు రాదు. ఎందుకంటారు?

మాస్టారు: ఏడుపు బొమ్మలో ఉంది, గీతలో లేదు. అదీ సంగతి. బాపు గీత తీసుకోండి. ఎక్కడ కుంచె నొక్కాడో, ఎక్కడ తేలిగ్గా వదిలేశాడో తెలిసిపోతుంది. గీతలోనే ఆ మనిషి ఉంటాడు. లిక్టన్‌స్టైన్ గీత లావుగా మొదలై సన్నగా ముగుస్తుంది గానీ, అచ్చుయంత్రం లోంచి వచ్చినట్టు ఉంటుంది. వణుకు లేదు, తొందర లేదు. నిజానికి ముందు చిన్న బొమ్మ చేత్తో వేసుకుని, దాన్ని ప్రొజెక్టర్‌తో కాన్వాస్ మీద పడేసి, సర్దుకుని, దిద్దుకుని, అప్పుడు గీసేవాడు. ఎంతో శ్రమపడి తన చేతిని దాచేశాడు. ఉడుకు భావాన్ని చల్లటి గీతలో పెట్టాడన్నమాట. ఆ రెండిటికీ పొసగదు. ఆ పొసగకపోవడం దగ్గరే మనం ఆగిపోతాం.

ప్రయోక్త: చుక్కల సంగతి చెప్పండి. పాప్ ఆర్ట్ అనగానే అందరూ చుక్కలు పెట్టేస్తారు.

మాస్టారు: పెట్టేస్తారు, ఎందుకో తెలియకుండానే. అచ్చులో చుక్కలతో రంగు చూపించే పద్ధతిని 1879లో తెచ్చిన బెంజమిన్ డే పేరుతో వీటిని బెన్ డే చుక్కలు అంటారు. తెల్ల కాగితం మీద ఎర్ర చుక్కలు దూరం దూరంగా వేస్తే కంటికి గులాబీ రంగు కనిపిస్తుంది. చౌకగా ఒళ్లు రంగు వచ్చేస్తుంది. మామూలు కన్ను 3.4 మీటర్ల దూరంలో ఒక మిల్లీమీటరు ఎడాన్ని విడదీసి చూడగలదు. కామిక్ పుస్తకంలో చుక్కకీ చుక్కకీ మధ్య అర మిల్లీమీటరు కూడా ఉండదు. అందుకే మీటరున్నర దాటితే చుక్కలు కలిసిపోయి రంగే మిగులుతుంది. ఇప్పుడు అదే ఎడం 8 మిల్లీమీటర్లు చేయండి.

ప్రయోక్త: ఎనిమిదిని 3.4తో హెచ్చిస్తే 27 మీటర్లు.

మాస్టారు: అంత పొడుగు గది ఎవరికి ఉంటుంది? అంటే ఆ చుక్కలు ఎప్పటికీ కలవవు. గులాబీ చెంప కనపడాల్సిన చోట ఎర్ర చుక్కలు కనిపిస్తూనే ఉంటాయి. ఇది చెంప కాదు, చెంపని అచ్చువేసే పద్ధతి అని బొమ్మ చెబుతూనే ఉంటుంది. చుక్క మరీ చిన్నదైతే ఆ అర్థం పోయి వట్టి అలంకారం మిగులుతుంది. కొత్తవాళ్లు చేసే పెద్ద తప్పు అదే.

ప్రయోక్త: రంగు దగ్గరికి వద్దాం. మరో అమెరికా చిత్రకారుడు ఆండీ వార్హోల్ వేసిన సినిమా తార మార్లిన్ మన్రో బొమ్మలో రంగులు ముఖం మీద సరిగ్గా కూర్చోవు కదండీ.

మాస్టారు: "మార్లిన్ డిప్టిక్", 1962. డిప్టిక్ అంటే రెండు పలకల బొమ్మ. ఆమె ఆ ఏడాది ఆగస్టులో చనిపోయింది. ఒకే ఫోటో, 50 సార్లు. ఎడమవైపు 25 రంగుల్లో, కుడివైపు 25 నలుపులో. మొదట ముఖానికి గులాబీ, జుట్టుకి పసుపు, పెదాలకి ఎరుపు, కనురెప్పలకి నీలం చదునుగా పూసి, ఆపైన ఫోటోని నల్ల ఇంకుతో స్క్రీన్ ప్రింట్ చేశారు. మన శుభలేఖలు వేసే పద్ధతే. రంగు ఒకచోట, నలుపు ఒకచోట పడితే ప్రెస్సులో ఏమంటారు?

ప్రయోక్త: రిజిస్ట్రేషన్ తప్పింది అంటారు.

మాస్టారు: శుభలేఖైతే చింపి పారేస్తారు. ఇక్కడ ఆ తప్పే ఉంచేశాడు. పెదాల ఎరుపు పెదాల్ని దాటింది. కనురెప్ప నీలం కంటి మీద అతికించినట్టుంది. ముఖం వేరు, మేకప్ వేరు అని రంగే చెప్పేసింది. కుడివైపు కొన్నిచోట్ల ఇంకు ఎక్కువై ముఖం మసిబారింది, కొన్నిచోట్ల చాలక వెలిసిపోయింది. ఆమె చావు గురించి ఒక్క అక్షరం లేదు. ఇంకే చెప్పింది.

ప్రయోక్త: మనవాళ్లకి పసుపు, ఎరుపు అంటే వేరే అర్థాలు ఉన్నాయి కదా. పసుపూ కుంకుమా.

మాస్టారు: మంచి మాట. అమెరికా పాప్ ఆర్ట్‌లో పసుపు అంటే అచ్చు ఇంకు, ధర చీటీ, ప్రకటన. అక్కడి బొమ్మ చదివేటప్పుడు మన పసుపుకుంకుమ దానికి పూయకూడదు. కానీ మీరు గుంటూరులో బొమ్మ వేసి గోడకి పెడితే, చూసేవాళ్లు మనవాళ్లే. ఎరుపు అనగానే మిర్చియార్డే గుర్తొస్తుంది. పెద్ద పసుపు నేల ఎన్నికల రోజుల్లో పార్టీ జెండాలా కనిపిస్తుంది. అది వద్దనుకుంటే పసుపుకి ఆనుకుని గట్టి నీలమో, చుక్కలో పెట్టి విడగొట్టాలి.

ప్రయోక్త: అక్షరాలు కూడా ఆకారాలే కదండీ? "వామ్!" బొమ్మలో పేలుడు శబ్దమే సగం బొమ్మ.

మాస్టారు: అదీ లిక్టన్‌స్టైన్‌దే, 1963 నాటిది, లండన్ టేట్ మ్యూజియంలో ఉంది. రెండు కాన్వాసులు కలిపి 4 మీటర్ల వెడల్పు. ఎడమ దాంట్లో విమానం, కుడి దాంట్లో పేలుడు. రాకెట్ పొగ అడ్డంగా ఒక్క గీతలా సాగి రెండిటినీ కలుపుతుంది. మన చదువు కూడా ఎడమ నుంచి కుడికే కాబట్టి కారణం, ఫలితం వరసలో పడతాయి. ఇంగ్లీషు డబ్ల్యూ, ఎమ్ కోసుగా ఉండే అక్షరాలు, పేలుడుకి సరిపోయాయి. తెలుగు అక్షరం గుండ్రం. "ఢాం" అని ఊరికే రాస్తే లడ్డూలా ఉంటుంది.

ప్రయోక్త: మరేం చేయాలి?

మాస్టారు: అక్షరంలో గుండ్రం కాని చోటు వెతకాలి. "ఢాం"లో దీర్ఘాన్ని కుడివైపుకి రెండింతలు సాగదీసి చివర కోసుగా కత్తిరించండి. సున్నాని పూర్తిగా నింపేస్తే ఫిరంగి గుండులా నిలబడుతుంది. మాటంతా 12 నుంచి 15 డిగ్రీలు పైకి వంచండి. మన సోడాకి "టప్" కావాలి. ట మీద తలకట్టే లేదు, దాన్ని గుండ్రంగా, గోలీలాగే ఉంచేయండి. ప్ మీద పొల్లు ఎలాగూ కుడివైపు పైకి లేస్తుంది. దాన్ని మూడింతలు చేసి ముల్లులా సాగదీయండి. గ్యాస్ ఎగదన్నిన దిక్కు అదే.

ప్రయోక్త: ఇక సోడా సీసా వేద్దాం. ఎక్కడ మొదలుపెట్టాలి?

మాస్టారు: 60 బై 90 సెంటీమీటర్ల కాన్వాస్. సీసా 70 సెంటీమీటర్ల ఎత్తు. సీసాని చూసి వేసేటప్పుడు గీతలు పన్నెండుకి మించకూడదు. గోలీసోడాని పోల్చుకునేది మెడ దగ్గరి నొక్కుతో, అందులోని గోలీతో. ఆ రెండూ ఉండాలి, మిగతా మెలికలు తీసేయొచ్చు. చిన్న కాగితం మీద వేసుకుని, గళ్లు గీసి పెంచండి. కాన్వాస్ మీద మామూలు పెన్సిల్ వద్దు, పసుపు రంగు పెన్సిలే వాడండి. నల్ల పెన్సిల్ పొడి పసుపులో కలిస్తే ఆకుపచ్చ మురికి తేలుతుంది.

ప్రయోక్త: రంగుల వరస?

మాస్టారు: తెలుపు, పసుపు, చుక్కలు, ఎరుపు, చివర నలుపు. పెడన కలంకారీలో కసిమితో నల్ల రేఖ ముందు అద్ది, తర్వాత రంగులు నింపుతారు. మనది తలకిందులు. నలుపు చివర వస్తే రంగుల అంచుల్లోని లోపాలన్నీ దాని కింద దాక్కుంటాయి. అందుకే ప్రతి రంగూ నల్ల గీత కిందకి 2 మిల్లీమీటర్లు చొచ్చుకుపోవాలి. పసుపు యాక్రిలిక్ చాలావరకు పారదర్శకంగా ఉంటుంది, మూడు పూతలు పడాలి. 100 మిల్లీలీటర్ల సీసాలు రెండు ఒకేసారి కొనండి. మధ్యలో అయిపోయి వేరే కంపెనీది తెస్తే అదే పసుపు రాదు.

ప్రయోక్త: అంచులు తిన్నగా రావాలంటే?

మాస్టారు: మాస్కింగ్ టేప్ వేశాక, దాని అంచు మీద ముందు కింది రంగునే ఒకసారి పూయండి. సందులు మూసుకుంటాయి. ఆపైన కొత్త రంగు. పూర్తిగా ఆరకముందే టేపుని వెనక్కి మడుస్తూ లాగాలి. గట్టిపడ్డాక లాగితే రంగు పొరతో సహా ఊడొస్తుంది.

ప్రయోక్త: చుక్కలు?

మాస్టారు: 5 మిల్లీమీటర్ల రంధ్రాలు, ఒక రంధ్రం నడిమి నుంచి పక్క రంధ్రం నడిమికి 8 మిల్లీమీటర్ల ఎడం ఉన్న చిల్లుల రేకు తీసుకోండి. వరసకి వరస పక్కకి జరిగి ఉండాలి. దాంతో మూడోవంతుకి కాస్త ఎక్కువ రంగు, మిగతా తెలుపు. సీసా వెనకాల కుడి సగం నీలం చుక్కలు వేద్దాం. కాన్వాస్ వెనక తప్పకుండా ఒక అట్ట ఆన్చండి. లేకపోతే నొక్కినప్పుడు మధ్యలో గుంటపడి, అక్కడి చుక్కలు అలికినట్టు వస్తాయి. రంగులో నీళ్లు కలపొద్దు. స్పాంజి మీద కొంచెం తీసుకుని, కాగితం మీద అద్ది, అప్పుడు రేకు మీద నిటారుగా తట్టాలి. పక్కకి రుద్దితే కిందకి పాకుతుంది. రెండు మూడుసార్లు వేశాక రేకు అడుగు తుడవాలి. జరిపేటప్పుడు ఆరిన చుక్కల రెండు వరసల మీద రంధ్రాలు సరిపెట్టి ముందుకెళ్లండి, వరస తప్పదు.

ప్రయోక్త: మన ఎండలకి రంగు రంధ్రాల్లోనే ఎండిపోతుందేమో?

మాస్టారు: మే నెలలో పది నిమిషాలకే పట్టేస్తుంది. తెల్లవారుజామున వేసుకోవడం మేలు, ఫ్యాన్ గాలి తగలకూడదు. రంగు త్వరగా ఆరకుండా చేసే రిటార్డర్ కలపొచ్చు గానీ సీసా మీద రాసిన మోతాదు దాటితే జిగట వదలదు, దుమ్మంతా అంటుకుంటుంది.

ప్రయోక్త: నల్ల గీత అంటేనే అందరికీ భయం.

మాస్టారు: రంగుని చిక్కటి మజ్జిగలా చేసుకుని, పొడుగు వెంట్రుకల లైనర్ బ్రష్‌తో, చేతికింద కర్ర ఆసరాతో, మణికట్టు కదపకుండా భుజం నుంచి లాగాలి. ఎడమవైపు వెలుగు అనుకుంటే అక్కడ 3 మిల్లీమీటర్లు, కుడివైపు నీడలో 8 దాకా ఉబ్బి మళ్లీ సన్నబడాలి. అంతా ఒకే లావు గీస్తే పిల్లలు రంగులు నింపుకునే పుస్తకంలా ఉంటుంది. గోలీ చుట్టూ ఒకచోట గీత తెంపేయండి, గాజు మెరుపు అక్కడే పుడుతుంది. షేడింగ్ మాత్రం పెట్టొద్దు. ఒక్కచోట మెత్తగా కలిపినా ఇది అచ్చు బొమ్మ అన్న నమ్మకం అక్కడితో పోతుంది.

ప్రయోక్త: పైన వార్నిష్?

మాస్టారు: మ్యాట్‌ది. మెరిసేది వేస్తే ట్యూబ్‌లైట్ నల్ల గీత మీద పడి గీత తెగినట్టు కనిపిస్తుంది. కాన్వాస్ పక్క అంచుల మీదకి కూడా చుక్కల్ని అలాగే కొనసాగించండి, అప్పుడు ఫ్రేము కట్టించక్కర్లేదు.