ఒక్క ఎలక్ట్రోడ్ వదులైతే బొమ్మంతా పోవాలా?

శ్రోతలందరికీ నమస్కారం. వెంటిలేటర్ మీదున్న మనిషికి గాలి ఊపిరితిత్తుల్లో ఎటు వెళ్తోంది, ఎటు వెళ్లట్లేదు అన్నది ఎక్స్‌రే లేకుండా, మంచం దగ్గరే, ప్రతి శ్వాసకీ చూపించే పద్ధతి ఒకటుంది, ఎలక్ట్రికల్ ఇంపీడెన్స్ టోమోగ్రఫీ అంటారు, పొట్టిగా ఈఐటీ. 1980ల్లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో బార్బర్, బ్రౌన్ దీనికి దారి వేశారు. ఛాతీ చుట్టూ 16 ఎలక్ట్రోడ్లు పెట్టి, పక్కపక్కనున్న రెండిటి మధ్య ఒంటికి తెలియనంత చిన్న కరెంటు పంపి, మిగతా జతల దగ్గర వోల్టేజీ కొలుస్తారు. గాలి నిండిన చోట కరెంటుకి అడ్డు పెరుగుతుంది, బొమ్మకి ఆధారం అదే.

ఒక చుట్టు తిరిగితే 208 కొలతలు. కరెంటు పంపిన జతనీ కొలిచిన జతనీ తారుమారు చేసినా అదే అంకె రావాలి, కాబట్టి నిజంగా కొత్త సమాచారం 104 అంకెల్లోనే ఉంటుంది. ఇంత తక్కువతో బొమ్మ గీయాలి, పైగా కొలతలో ఇసుమంత తేడా వస్తే బొమ్మలో పెద్ద మచ్చ పడుతుంది.

ఇప్పుడు చూడండి, పేషెంట్‌ని పక్కకి తిప్పారు, చెమట పట్టింది, ఒక ఎలక్ట్రోడ్ వదులైంది. ఒక్కటే కదా అనుకుంటాం. కానీ ఆ ఒక్కటీ 52 కొలతల్లో ఉంటుంది. 208లో 52, అంటే నాలుగో వంతు! బొమ్మ గీసేది ముందుగా తీసి పెట్టుకున్న కొలతలతో, అంటే రిఫరెన్స్‌తో, పోల్చి చూసిన మార్పు నుంచే. సరే, ఆ 52 కొలతల్లో మార్పు సున్నా అని పెట్టేద్దాం అంటారు కొందరు. వద్దండీ, సున్నా అంటే "ఇక్కడ ఏమీ మారలేదు" అని సాక్ష్యం చెప్పినట్టే, అది అబద్ధపు సాక్ష్యం, సాఫ్ట్‌వేర్ పాపం దాన్ని నమ్మేసి బొమ్మని అటు లాగుతుంది. చెప్పాల్సింది "ఈ 52 నమ్మకు" అని. ఆ కొలతల్లో నాయిస్, అంటే అంకెని చెడగొట్టే గందరగోళం, చాలా ఎక్కువని లెక్కలో రాస్తే మిగతా 156 మీద ఆధారపడి బొమ్మ గీస్తుంది, ఆ ఎలక్ట్రోడ్ దగ్గర కాస్త మసకబారుతుందేమో గానీ మిగతా ఊపిరితిత్తి కనిపిస్తుంది.

మరి దొంగ ఎలక్ట్రోడ్ ఏదో ఎలా పట్టుకోవాలి? ఇందాక తారుమారు చేసినా అదే అంకె రావాలన్నానే, ఎక్కడ రాలేదో అక్కడ వెతకాలి. నాకు ఈ పద్ధతి ఎంతో ఇష్టం, కొత్త పరికరం ఏదీ అక్కర్లేదు, ఉన్న అంకెలే పట్టిచ్చేస్తాయి.

నాదొక్కటే కోరిక, ఏ ఎలక్ట్రోడ్‌ని పక్కన పెట్టారో స్క్రీన్ మీద డాక్టర్‌కి కనిపించాలి. దాన్ని మళ్లీ అతికించాక రిఫరెన్స్ కూడా కొత్తగా తీసుకోండి, పాతదాంతో పోలిస్తే ఎలక్ట్రోడ్‌లో వచ్చిన మార్పు గాలిలో వచ్చిన మార్పులా కనిపిస్తుంది.